డ్యూటీలో చేరని సెన్సార్ అధికారులు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా సర్కారు కొలువు కోసం కళ్ళు కాయలు కాసేలా చూసేవాళ్ళే. తలలో తెల్ల వెంట్రుక కనబడినా గ్రూప్ టూ, పెళ్ళయి పిల్లలు పుట్టినా గ్రూప్ ఫోర్. నోటిఫికేషన్ పడిందా, పేపర్ లీకయిందా, కోర్టు స్టే పోయిందా అన్న ముచ్చట తప్ప టీ కొట్టు దగ్గర వేరే ముచ్చట ఉండదు. ఇంత కొలువుల కరువున్న చోట పరీక్ష లేకుండా, ఇంటర్వ్యూ లేకుండా, వయోపరిమితి లేకుండా, రోస్టర్ పాయింట్ల గొడవ లేకుండా పార్లమెంటే పిలిచి ఇంటికి రెండేసి పోస్టులు ఇచ్చింది. కావలసిన అర్హత ఒక్కటే: ఇంట్లో మైనర్ పిల్లలుండాలి. ఇచ్చింది 2023లో. ఈ రోజు వరకూ డ్యూటీలో చేరినవాళ్ళ జాడ లేదు.

పోస్టు పేరు సెన్సార్ అధికారి. వేళాకోళానికి అనడం లేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించినప్పుడు పాత ‘యూఏ’ సర్టిఫికెట్‌ను మూడు మెట్లు చేశారు. ఏడేళ్ళు దాటినవాళ్ళకొకటి, పదమూడు దాటినవాళ్ళకొకటి, పదహారు దాటినవాళ్ళకొకటి. ఆ వయసు రానివాళ్ళకు సినిమా చూపించాలా వద్దా అన్నది అమ్మానాన్నలు తేల్చుకోవాలి. పక్కనే ఇంకో ముక్క చేర్చారు: ఈ గీతను అమలు చేసే అధికారం తల్లిదండ్రులకో సంరక్షకులకో తప్ప మరెవరికీ లేదు. టికెట్ చింపే కుర్రాడికి లేదు, హాలు మేనేజరుకు లేదు, ఏరియా సీఐకి కూడా లేదు. ‘యూఏ 16+’ అని రాసి ఉన్న సినిమాకు నాలుగేళ్ళ పిల్లను ఎత్తుకుని వెళ్తుంటే ఆపగలిగినవాళ్ళు ఈ దేశంలో ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దరూ అప్పటికే పాప్‌కార్న్ క్యూలో ఉన్నారు.

నిజానికి ఇది కొత్త పోస్టు కూడా కాదు, పాత పోస్టుకే కొత్త హోదా. 1983కు ముందు మనకు ఉన్నవి రెండే అక్షరాలు: అందరికీ ‘యూ’, పెద్దలకు ‘ఏ’. 1983లో మధ్యలో ‘యూఏ’ వచ్చింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఈ బొమ్మ చూపించాలా లేదా అని తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి అని దాని తాత్పర్యం. నలభై ఏళ్ళ పాటు భారత ప్రభుత్వం మన దగ్గర కోరింది ఇంతే, కాస్త ఆలోచించమని. పన్ను అడగలేదు, ఆధార్ అడగలేదు. మనం ఆలోచించలేదు. ప్రశ్న మరీ కష్టంగా ఉందేమో అని జాలిపడి, డిస్క్రిప్టివ్ పేపర్‌ను ఆబ్జెక్టివ్ చేసి, మూడు ఆప్షన్లిచ్చి చేతిలో పెట్టారు. ఓఎంఆర్ షీటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

సర్టిఫికెట్‌ను మనవాళ్ళు చూడరని మాత్రం ఎవరూ అనలేరు. తెలుగువాడు చూసినంత భక్తిగా సెన్సార్ సర్టిఫికెట్‌ను ఇంకెవరూ చూడరు. మొదటి రోజు మొదటి ఆటలో తెర మీద ఆ కాగితం పడగానే హాలంతా ఈలలు, చించిన కాగితాల వాన, వందలాది ఫోన్లు పైకి. సినిమా పేరు, భాష, నిడివి, కింద బోర్డు వారి సంతకం. అందులో అన్నిటికంటే పెద్దగా కనబడే అక్షరం ఒక్కటుంటుంది. ఆ అక్షరం తప్ప మిగతాదంతా చదువుతారు. రెండు గంటల యాభై రెండు నిమిషాలా, అబ్బో పెద్ద సినిమా అనుకుంటారు. ఒడిలో ఉన్న పిల్లాడు ఆ చప్పుడుకు ఉలిక్కిపడి ఏడుపు అందుకుంటాడు. ఆ ఏడుపును కూడా ఈలల్లో కలిపేస్తారు.

నిర్మాతలకైతే ఈ అక్షరం ఒక ప్రచార ఘట్టం. విడుదలకు వారం ముందు పోస్టర్ దిగుతుంది: సెన్సార్ పూర్తి, యూఏ వచ్చింది. వెంటనే ‘సెన్సార్ టాక్’ అనే వింత సాహిత్యం మొదలవుతుంది. సెన్సార్ సభ్యులు సినిమా చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారట, లేచి నిలబడి చప్పట్లు కొట్టారట, ఒక్క కట్టూ చెప్పలేదట. పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారు ఆన్సర్ షీట్ చదివి ఏడ్చాడని చెబితే మనం నమ్ముతామా? ఇది మాత్రం నమ్ముతాం. ‘ఏ’ వచ్చిందనుకోండి, ఇదివరకు మొహం చాటేసేవారు. ఇప్పుడు దాన్నే ఎర్ర రంగులో, నెత్తురు చుక్కలు కారుతున్నట్టు డిజైన్ చేయించి పోస్టర్ మధ్యలో వేస్తారు. ‘అర్జున్ రెడ్డి’కి వచ్చింది, ‘సలార్’కు వచ్చింది, ‘హిట్ 3’కి వచ్చింది, ‘ఓజీ’కి వచ్చింది. అది ఆంక్ష కాదిప్పుడు, బిరుదు.

ఆ బిరుదు సినిమాలకు గేటు దగ్గర జరిగే తంతు చూడాలి. అశోక్‌నగర్ నుంచి నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. హీరో బొమ్మ ఉన్న టీషర్టు, మెడలో ఎర్ర తువ్వాలు, మొహాన బొట్టు పెన్సిల్‌తో గీసిన మీసం. వయసు మహా అయితే ఆరు. చెయ్యి తండ్రి చేతిలో ఉంది.

“సార్, ఇది ఏ సర్టిఫికెట్ సినిమా. పిల్లల్ని పంపొద్దన్నరు సార్.”

“మావోడే భాయ్.”

“మీవాడే సార్, కానీ వయసు…”

“నేనున్న గద పక్కన. ఏమన్నయితే నేను చూస్కుంట.”

“రూల్ సార్. మా ఓనర్‌ని అంటరు.”

“ఇంటర్వల్ దాకా ఆగడు అన్నా, పండుకుంటడు.”

ఈ ఆఖరి మాట దగ్గర కాస్త నిలబడాలి. పడుకునేవాడికి నాలుగు వందల టికెట్టు ఎందుకు కొన్నాడని గేటు కుర్రాడు అడగడు. అడిగితే వెనకున్న క్యూ వాణ్ణే తిడుతుంది. చట్ట ప్రకారం పెద్దల సినిమా పిల్లలకు చూపిస్తే శిక్ష ఉంది. ఆ శిక్ష ప్రదర్శించినవాడికే గానీ తీసుకొచ్చినవాడికి కాదు. అంటే పిల్లాడి భవిష్యత్తు గురించి బెంగపడాల్సిన బాధ్యత నెలకు పన్నెండు వేలో పదిహేను వేలో వచ్చే గేటు కుర్రాడి మీద పడింది. కన్నతండ్రి మాత్రం తన పౌరహక్కుల గురించి గొంతు పెంచుతున్నాడు.

ఈ తండ్రినే పొద్దున ఆర్టీసీ బస్సులో చూసి ఉంటే మీకు ఇంకో విశేషం తెలిసేది. బస్సులో అయిదేళ్ళు నిండితే అర టికెట్టు కొట్టాలి కాబట్టి అక్కడ వాడికి ఎన్నేళ్ళొచ్చినా అయిదు నిండవు. పన్నెండు దాటితే ఫుల్ టికెట్టు కాబట్టి వాడి అన్నకు మీసాలొచ్చినా పన్నెండు దాటవు. అదే పిల్లలు సాయంత్రానికి సినిమా హాలు మెట్లెక్కేసరికి పెద్దమనుషులైపోతారు. పిల్లల్ని ఇంత వేగంగా ఎదగనిచ్చే నేల ఇంకోటి లేదు.

వాదనలో కూడా మనం ఎవరికీ తీసిపోం. పిల్లాడు చిన్నవాడైతే, “వాడికేం అర్థమవుతుంది, పసివాడు.” కాస్త పెద్దవాడైతే, “ఈ కాలం పిల్లలకు తెలియనిదేముంది, మనకే వాళ్ళు చెబుతారు.” రెండు మాటలూ ఒకే నోటి నుంచి, ఒకే పిల్లాడి గురించి, రెండు మూడేళ్ళ తేడాతో వస్తాయి. ఏమీ అర్థంకాని దశకూ అన్నీ తెలిసిన దశకూ నడుమ, అర్థమై భయపడే దశ ఒకటి ఉండి తీరాలి కదా. అది ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఏ ఇంట్లోనూ లెక్క లేదు. రాత్రి లైటు తియ్యనివ్వని పిల్లలు, బాత్రూముకు ఒంటరిగా వెళ్ళని పిల్లలు ఆ దశలోనే ఉన్నారని ఎవరైనా అంటే, దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తీసి పొయ్యిలో వేస్తారు.

ఒక్క సాకు మాత్రం నేను ఒప్పుకుంటాను. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో పిల్లల్ని వదిలి వెళ్ళడానికి మనిషి ఉండదు. నిజమే. అమ్మమ్మ ఉండదా అంటే, ఉంటుంది. అమ్మమ్మ కూడా అదే వరసలో అదే హీరో కోసం కూర్చుని ఉంటుంది.

మనవాళ్ళ ధైర్యం సరిహద్దుల దగ్గరే బయటపడుతుంది. ‘బాహుబలి 2’ మన దగ్గర యూఏ. సింగపూర్‌లో దానికి ఎన్‌సీ16 ఇచ్చారు, అంటే పదహారేళ్ళ లోపు పిల్లలకు హాల్లోకి ప్రవేశమే లేదు. తలలు తెగిపడుతున్నాయి కదా అన్నది వాళ్ళ అనుమానం. మనకా అనుమానమే రాలేదు. మన పిల్లలు వేసవి సెలవులంతా అట్టముక్కలతో కత్తులు చేసుకుని ఒకరి తలలొకరు నరుక్కుంటూనే ఉన్నారు, మనం వీడియోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడుతూనే ఉన్నాం. బ్రిటన్‌లో ‘15’ అని ముద్ర వేస్తే పద్నాలుగేళ్ళ పిల్లాడు తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చినా గేటు దాటనివ్వరు. అక్కడి మనవాళ్ళకు ఇదొక అవమానం: మా పిల్లల గురించి మాకన్నా మీకెక్కువ తెలుసా? ఇక అమెరికాలో మన సినిమాలు చాలావరకు అక్కడి రేటింగ్ బోర్డు గడప తొక్కకుండానే ఆడేస్తాయి. ప్రీమియర్ షో రాత్రి కార్ సీట్లోంచి నిద్రపోతున్న పిల్లను తీసి భుజాన వేసుకుని పరుగెత్తే తండ్రిని ఆపడానికి అక్కడ అక్షరం కూడా లేదు. స్వేచ్ఛ అంటే అదే.

2025 ఆగస్టులో రజనీకాంత్ ‘కూలీ’ వచ్చింది. మన నాగార్జున ప్రతినాయకుడు కాబట్టి మనకూ అందులో వాటా ఉంది. బోర్డు ‘ఏ’ ఇచ్చింది. నిర్మాణ సంస్థ మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. ఇంతకంటే ఎక్కువ నెత్తురు పారిన సినిమాలకు యూఏ ఇచ్చారు కదా, మాకెందుకు ఇవ్వరు అన్నది గోడు. కోర్టు ఒప్పుకోలేదు, పిటిషన్ కొట్టేసింది. నాకు ఈ వాదన భలే నచ్చింది. మా సినిమాలో హింస లేదని కాదు, పక్కవాడి సినిమాలో ఇంకా ఎక్కువుందని. మార్కులు తక్కువొచ్చిన పిల్లాడు ఇంటికొచ్చి, “రాజుగాడికి నాకంటే తక్కువొచ్చాయి నాన్నా” అంటే చెవి మెలిపెడతాం. అదే వాదన ఖరీదైన న్యాయవాదుల చేత చెప్పిస్తే పిటిషన్ అంటాం. ఇంకో సంగతి గమనించండి. పిల్లలు ఈ సినిమా చూడలేకపోతున్నారని ఈ దేశంలో ఒక నిర్మాత కోర్టుకు వెళ్తాడు. పిల్లలు ఇది చూసేస్తున్నారని తల్లీ తండ్రీ ఎప్పుడైనా వెళ్ళారా?

బోర్డును వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దాని విచక్షణ గురించి రాయాలంటే విడిగా ఒక సంచిక కావాలి. అదే 2025లో ‘సూపర్‌మ్యాన్’ సినిమాలో కథానాయకుడూ నాయికా ముద్దు పెట్టుకునే 33 సెకన్లు కత్తిరించారు. ఊళ్ళకు ఊళ్ళు కూలిపోయే సన్నివేశాలు భద్రంగా ఉన్నాయి. ఆకాశంలోంచి భవనాలు విరిగి జనం మీద పడితే పిల్లలు తట్టుకుంటారట, ముద్దు మాత్రం తట్టుకోలేరట. ‘ఎఫ్1’ అనే కార్ల పందేల సినిమాలో ఫోన్ తెర మీద మధ్యవేలు చూపించే బొమ్మ ఒకటి వస్తే దాన్ని తీసేసి పిడికిలి బొమ్మ పెట్టించారు. మధ్యవేలు అసభ్యం, పిడికిలి సంస్కారం. పిడికిలి మన సినిమాల జాతీయ చిహ్నం కాబట్టి దానికి అభ్యంతరం చెప్పేవాళ్ళెవరు?

నవ్వుకునే ముందు మన ముందు గదిలోకి ఒకసారి తొంగి చూడండి. రాత్రి ఎనిమిదిన్నర. సోఫాలో తాతయ్య, కింద చాప మీద పిల్లలు కంచాలతో, కుర్చీలో అమ్మ. టీవీలో పదిమందిని వరసగా గొడ్డలితో నరుకుతున్నాడు హీరో. ఒకడి చెయ్యి ఎగిరి వచ్చి కెమెరా ముందు పడింది. ఎవరి చెయ్యీ రిమోట్ మీదికి పోలేదు, ఎవరి ముద్దా నోట్లోంచి జారలేదు. “పప్పు ఇంకాస్త వెయ్యనా?” అంది అమ్మ. అయిదు నిమిషాలు గడిచాయి. హీరో ఇంటికొచ్చాడు, భార్య భుజం మీద చెయ్యి వేశాడు, లైటు ఆరింది. అంతే, తాతయ్యకు దగ్గొచ్చింది, అమ్మకు వంటింట్లో పాలు గుర్తొచ్చాయి, నాన్న రిమోట్ కోసం దిండ్ల కింద వెతికాడు, చానల్ మారింది, ఎవరో స్వామివారు ప్రవచనం చెబుతున్నారు. ప్రకటనల్లో శానిటరీ ప్యాడ్ కనబడినా ఇదే విన్యాసం. పిల్లాడు పాఠం నేర్చుకున్నాడు: చేతులు నరకడం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది, భుజం మీద చెయ్యి వెయ్యడం మాత్రం సిగ్గుపడాల్సింది. బోర్డు తప్పు చేసిందంటే ఎట్లా? మన సోఫా మీది న్యాయాన్నే బల్ల మీదికి తీసుకెళ్ళి సంతకం పెట్టిందంతే.

ఈ న్యాయంలో బీడీకి ఉన్న హోదా ఇంకా ముచ్చటైంది. హీరో బీడీ వెలిగించగానే తెర మూలన పొగ తాగడం హానికరమని అక్షరాలు పడతాయి. అదే బీడీ విసిరి పెట్రోలు ట్యాంకరును, దాంతో పాటు పాతికమందిని తగలబెట్టగానే ఆ అక్షరాలు మాయమైపోతాయి. బీడీ నోట్లో లేదు కాబట్టి హాని లేదు. ఫ్రేములో కోడి కనబడితే కంప్యూటర్ గ్రాఫిక్స్ అని కింద చిన్నగా రాస్తారు, కోడికి నొప్పి తగిలిందేమో అని ప్రేక్షకుడు బాధపడకూడదు. కోడి వెనకాల వేలాడుతున్న మనిషి గురించి ఏ గమనికా ఉండదు. పొగాకు వ్యతిరేక ప్రకటనలను వల్లెవేసే పిల్లలున్న రాష్ట్రాలు మనవి. ఆ ప్రకటనలోని వాక్యమే పేరుగా పెట్టి ‘ఈ నగరానికి ఏమైంది?’ అని 2018లో ఒక సినిమా కూడా తీశాం, జనం చూసి నవ్వుకున్నారు. హెచ్చరిక కామెడీ టైటిల్ కాగలిగిన చోట, యూఏ పక్కన ఒక అంకె ఏం పీకుతుంది?

టీవీ ధారావాహికలకు ఈ అక్షరాల బెడద కూడా లేదు. పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో పిల్లలకు తగని కార్యక్రమాలు వెయ్యరాదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాల్లో స్పష్టంగా ఉంది. కాబట్టి అత్త కోడలి పాలల్లో మందు కలిపే ఘట్టాన్ని అర్ధరాత్రి వెయ్యరు, పిల్లలు హోంవర్క్ చేసుకునే వేళకే వేస్తారు. వార్తా చానళ్ళది మరీ ఉదారత. సీసీ కెమెరాలో దొరికిన హత్యకు ఎర్ర గుండ్రం చుట్టి, బాణం గుర్తు పెట్టి, “ఈ దృశ్యాలు మిమ్మల్ని కలచివేయవచ్చు, పిల్లలు చూడొద్దు” అని ముందే చెప్పి, గంట సేపు తిప్పి తిప్పి వేస్తారు. ఒకసారి చూసి కలత చెందని పిల్లలకు ఇంకో అవకాశం ఇవ్వాలి కదా.

పిల్లలు ఏం చూస్తారన్న సంగతి ఇంతవరకూ. పిల్లల్నే చూపించే సంగతి ఒకటుంది. ‘జూనియర్స్’ పేరుతో నడిచే డ్యాన్స్ పోటీలు ఎన్నో చూశాం. ఏడేళ్ళ పాప. తళుకుల జాకెట్టు, నడుం మీదికి జారిన లంగా, కంటి చివర్ల దాకా కాటుక, పాలపళ్ళు ఊడిన సందులోంచి లిప్‌స్టిక్ కనబడేలా నవ్వు. పాట ఒక సినిమాలో బెల్లం మండీ వ్యాపారులూ రౌడీలూ సారా కొట్టు చుట్టూ చేరి చూసే పాట. ఆ సినిమాలో ఆ నర్తకి ఎక్కడ కన్ను గీటిందో పాప అక్కడే గీటింది, ఎక్కడ పెదవి కొరికిందో అక్కడే కొరికింది. నేర్పిన మాస్టరు వేదిక పక్కన నిలబడి అన్నీ సరిగ్గా పడ్డాయా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. జడ్జీ కుర్చీ మీదికెక్కి, “ఏం ఎక్స్‌ప్రెషన్ ఇచ్చావమ్మా! నీ వయసులో నాకిది రాలేదు” అన్నాడు. రాకపోవడం వాళ్ళమ్మ చేసుకున్న పుణ్యం అని నా అభిప్రాయం. కెమెరా ప్రేక్షకుల్లోకి తిరిగింది. పాప తల్లి కళ్ళ నిండా నీళ్ళు, పక్కన తండ్రి బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. ఆ పాట ఉన్న సినిమాకు పెద్దల తోడు లేకుండా ఆ పాపను పంపకూడదు. చూడ్డానికి వయసు చాలని పాటకు ఆడ్డానికి వయసు సరిపోయింది. ఇలా పిల్లల్ని అశ్లీలంగా చూపించొద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చానళ్ళకు సలహా పత్రం పంపింది. అది చానళ్ళకే పంపింది. చప్పట్లు కొట్టినవాళ్ళ చిరునామా దానికి దొరకలేదు.

తల్లిదండ్రులు అసలు ఎప్పుడూ మేలుకోలేదంటే అన్యాయం. 2008లో ఒకసారి మేలుకున్నారు. జపాన్ కార్టూన్ ‘షిన్‌చాన్’ మన పిల్లల్ని పాడుచేస్తోందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి, ప్రసారం ఆగింది, మరుసటి ఏడాది కత్తిరింపులతో తిరిగొచ్చింది. ఆ షిన్‌చాన్ ఎవరిని నరికాడు? ఎవరినీ కాదు. అయిదేళ్ళ పిల్లాడు, అమ్మకు ఎదురు సమాధానం చెప్పేవాడు. అదీ నేరం. వంద తలలు తెగినా కదలని ఇల్లు పిల్లాడు “నువ్వు చెయ్, నేను చెయ్యను” అనగానే సెన్సార్ బోర్డును తలుచుకుంది.

ఓటీటీ వచ్చాక పని ఇంకా తేలికైంది. 2021 ఐటీ నియమాల ప్రకారం పదమూడేళ్ళు, ఆపై వర్గాల బొమ్మలకు తాళం వేసుకునే వీలు కల్పించాలి, పెద్దల బొమ్మలకు వయసు నిర్ధారించుకోవాలి. వీలు కల్పించారు. నాలుగంకెల పిన్. తాళం ఎలా వెయ్యాలో తెలియక నాన్న పిల్లాణ్ణే పిలిచాడు. ఏ అంకెలు పెట్టమంటావని వాడు అడిగితే, మర్చిపోనివి పెట్టమన్నాడు. వాడు పుట్టిన సంవత్సరం పెట్టారు. వాడికింకా పదమూడు రాలేదనడానికి ఏది రుజువో, అదే వాడి చేతిలో తాళంచెవి.

ఇంతవరకూ వెటకారం. ఇక్కడ కాసేపు పక్కన పెడతాను. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో ఆస్పత్రి పాలయ్యాడు. ఆ కుటుంబాన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. పండక్కి వెళ్ళినట్టు వెళ్ళారు, వెళ్ళమని ఊరంతా డప్పు కొట్టింది. ఆ తర్వాతి నెలలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్ళ లోపు పిల్లల్ని ఉదయం 11 గంటల లోపు, రాత్రి 11 తర్వాత ఆటలకు పంపొద్దంది. అర్ధరాత్రి పిల్లలు మంచం మీద ఉండాలని చెప్పడానికి ఒక హైకోర్టు కూర్చోవాల్సి వచ్చింది. వ్యాపారం దెబ్బతింటోందని మల్టీప్లెక్సులు మొర పెట్టుకున్నాయి, మార్చిలో ఆ ఆంక్ష సడలింది. ఈ మొత్తం కేసులో హాళ్ళ తరఫున లాయర్లున్నారు, ప్రభుత్వం తరఫున లాయర్లున్నారు. మా పిల్లలకు నిద్ర కావాలని ఇంప్లీడ్ అయిన తల్లిదండ్రుల సంఘం ఉందేమో అని వెతికాను. అలాంటి సంఘమొకటి పెట్టాలన్న ఆలోచనకే ఎవరికీ తీరిక ఉన్నట్టు లేదు.

పిల్లల కోసం సినిమాలు తియ్యరు కాబట్టే పెద్దల సినిమాలకు తీసుకెళ్తున్నాం అంటారు కొందరు. తియ్యలేదా? 1972లో ‘బాల భారతం’ తీశారు. 1996లో ‘లిటిల్ సోల్జర్స్’ వచ్చింది. 1997లో గుణశేఖర్ అందరూ పిల్లలతోనే ‘రామాయణం’ తీస్తే జాతీయ పురస్కారం ఇచ్చారు, అందులో రాముడు జూనియర్ ఎన్టీఆర్. ఆ రాముడు పెద్దవాడై గొడ్డళ్ళు పట్టాక వచ్చిన జనంలో పావు వంతు అప్పుడు వచ్చి ఉంటే, ఆ దారిన ఇంకో పది సినిమాలు వచ్చేవి. 1955లో పెట్టిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ వారి అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం మన హైదరాబాద్‌లోనే జరిగేది, బంగారు ఏనుగు బహుమతితో. బడులవాళ్ళు బస్సుల్లో తీసుకొస్తే పిల్లలు వచ్చేవాళ్ళు, సొంతంగా తీసుకొచ్చే అమ్మానాన్నలు తక్కువ. 2022లో ఆ సొసైటీని ఎన్ఎఫ్‌డీసీలో కలిపేశారు. ఏ ఇంట్లోనూ ఆ సాయంత్రం అన్నం మానలేదు. ‘ఛోటా భీమ్’ను పుట్టించిన స్టూడియో కూడా హైదరాబాద్‌దే. ఆ సంగతి చెబితే చాలామంది తండ్రులు ఆశ్చర్యపోతారు, భీమ్‌తో రోజుకు రెండు గంటలు పిల్లల్ని వదిలేసినవాళ్ళే.

ఒక ఆదివారం మల్టీప్లెక్సులో ఆరు తెరలు. అయిదింట్లో ఒకే హీరో. ఆరోదాంట్లో పదీ పదిహేనుకు ఒకే ఒక్క ఆట, ‘యూ’ సర్టిఫికెట్, పిల్లల బొమ్మ. ‘ఏ’ సినిమా గేటు దగ్గర ఒక నాన్నను పాపతో సహా ఆపారు. అక్కడున్న అమ్మాయి మర్యాదగా, “సార్, స్క్రీన్ సిక్స్‌లో పిల్లల సినిమా ఉంది, ఇంకో పది నిమిషాల్లో మొదలవుతుంది, టికెట్లు మార్చి ఇస్తాను” అంది. పాప మొహం వెలిగింది.

నాన్న మొహం చిట్లించాడు. “పిల్లల సినిమానా? రెండు గంటలు నేనేం చెయ్యాలమ్మా అందులో?”